నడి ఇంట్లో పొలిమేర

డోర్కస్ టాండీ దాదాపు ముప్ఫై ఏళ్ళపాటు వూస్టర్‌షైర్‌లో వంట చేసి గ్లాస్టర్‌షైర్‌లో నిద్రపోయింది. అందులో వింత ఏదైనా ఉందని ఆమెకు ఎన్నడూ తోచలేదు. పొయ్యి ఉన్న గది ఆల్డర్‌కోట్ పారిష్‌ది, అంటే ఆ చర్చి కింది ఊరిది; కౌంటీ వూస్టర్‌షైర్. గోడ దాటి లోపలి గదిలో అడుగుపెడితే అది టాడ్‌బ్రూక్ పారిష్, గ్లాస్టర్‌షైర్. నిజానికి చుట్టూ ఎటు నడిచినా గ్లాస్టర్‌షైరే. దాని నడుమ ఆల్డర్‌కోట్ ఒక్కటీ కోతలో తప్పిపోయిన దుబ్బులా వూస్టర్ పేరు మోసుకుంటూ నిలబడి ఉండేది. ఎప్పుడో ఏ రాజో ఆ భూమిని వూస్టర్ బిషప్పుకు రాసిచ్చాడట. బిషప్పు భూములు ఎక్కడెక్కడ ఉన్నా అన్నిటినీ ఓస్వాల్డ్‌స్లో అనే ఒకే ఫిర్కాలో కట్టేశారట. ఇల్లు కట్టినవాడు మాత్రం ఇవేవీ విచారించలేదు. రాయి దొరికిన చోట గోడ లేపాడు.

మూడేళ్ళకోసారి, మే నెలలో, పొలిమేర తిరిగే రోజున ఆ ఇంటికి సందడి వచ్చేది. ముందు పాదిరిగారు, వెనక ఊరి మగవాళ్ళు విల్లో బెత్తాలతో ప్రతి హద్దురాయినీ, ప్రతి కంచె మూలనీ కొట్టుకుంటూ వచ్చేవాళ్ళు. గీత ఇంటి మధ్యగా పోతుంది గనక, ఎవరో ఒకరు ముందు కిటికీలోంచి దూరి వెనక కిటికీలోంచి దూకాలి. డోర్కస్ వాళ్ళ కోసం బీరు కూజా సిద్ధంగా పెట్టేది.

"డోర్కసమ్మా, ఇవాళ ఉల్లిపాయలు ఏ కౌంటీలో తరుగుతున్నావ్?" అని అడిగేవారు కిటికీలో సగం ఇరుక్కుపోయి.

"ఏ కౌంటీలో తరిగినా ఏడుపు నాదే. నీ బురద బూట్లు మాత్రం గ్లాస్టర్‌లో దులుపుకో, నా పొయ్యి దగ్గర కాదు" అనేది.

ఆమె భర్త ఏమోస్ కంచెలు కట్టేవాడు. నెమ్మదిగా మాట్లాడి గట్టిగా గురకపెట్టే మనిషి. అతని తమ్ముడు జాబెజ్ గొర్రెలు కాసేవాడు. అతనికి పెళ్ళి కాలేదు, అడిగినవాళ్ళకు "గొర్రెలతోనే సరిపోతోంది" అనేవాడు. ముగ్గురూ ఆ ఇంట్లోనే బతికారు. పుట్టిన ఇద్దరు పిల్లలూ ఏడాది నిండకుండానే పోయారు. తరవాత కాన్పు కాలేదు. డోర్కస్ ఇంట్లో కూర్చుని వూస్టర్ వర్తకుల కోసం తోలు చేతితొడుగులు కుట్టేది. తోలు అంచుల్ని ఇత్తడి పళ్ళ మధ్య బిగించి కుట్టే చెక్క పరికరం ఒకటి ఉండేది. దాన్ని అక్కడి ఆడవాళ్ళు గాడిద అంటారు. "నా గాడిద మేత మెయ్యదు, తన్నదు, మా ఆయన కంటే నయం" అని ఆమె ఏమోస్ వినేలా అంటే, అతను నవ్వి ఊరుకునేవాడు.

ఆ తరవాత ఒక్కొక్కటే పోవడం మొదలైంది. ఫ్రెంచి తొడుగులు రేవుల్లో దిగాయి, వూస్టర్ వర్తకులు తోలు పంపడం తగ్గించి చివరికి మానేశారు. జాబెజ్ కళ్ళకు పొర కమ్మింది. ముందు గొర్రెలు తెల్లటి మచ్చల్లా కనపడేవి, తరవాత అవీ కనపడలేదు. పద్దెనిమిది వందల ఇరవై తొమ్మిది చలికాలంలో ఏమోస్ వానలో కంచె కడుతూ తడిసి, తొమ్మిది రోజుల జ్వరంతో పోయాడు. ఆల్డర్‌కోట్ చర్చి పక్కన అతన్ని పాతిపెట్టారు. మరుసటి ఏడు డోర్కస్ వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి, గద్ద గోళ్ళలా వంకరపోయాయి. సూది పట్టుకోవడం మాట అటుంచి, గిన్నె మూత తీయడమే గండమైపోయింది.

అయినా వదినా మరిదీ ఇద్దరూ కలిసి ఒక్క మనిషిలా నెట్టుకొచ్చారు. ఆమెకు కళ్ళున్నాయి, అతనికి చేతులున్నాయి. అతను రొట్టెపిండి పిసుకుతుంటే ఆమె పక్కన నిలబడి చెప్పేది.

"ఎడమ పక్క పిండి అంటుకుపోతోంది. అటు కాదు, ఎడమ. నీ ఎడమ ఎప్పుడు మారింది?"

"నీ నోరు మాత్రం వంకరపోలేదు వదినా."

"అదీ పోతే నీకు దారి చెప్పేదెవరు?"

అతను బావి నుంచి నీళ్ళు తెచ్చేటప్పుడు ఆమె ముందు నడుస్తూ గట్టిగా దగ్గేది. ఆ దగ్గు వెంబడి అతను బకెట్లతో నడిచేవాడు. అలా ఏడాదిన్నర గడిచింది. కానీ రొట్టెపిండి ఊరికే రాదు. చివరికి డోర్కస్ శాలువా తలమీద కప్పుకుని, ఆల్డర్‌కోట్ చర్చి వెనక గదిలో పారిష్ పెద్దలు కూర్చునే రోజు చూసి, పేదలకిచ్చే సాయం అడగడానికి వెళ్ళింది.

ఆ ఏడు పేదల భారం చూసే ఓవర్సీరు సైలస్ విజార్డ్. చెడ్డవాడేం కాదు. పెద్ద రైతు. ఆ ఉద్యోగం అతనూ కోరుకోలేదు, వంతు వచ్చి నెత్తిన పడింది. ఆమె చెప్పిందంతా విని గడ్డం గోక్కున్నాడు.

"జాబెజ్ సంగతి చూస్తాం. వాడు మావాడే. నీ సంగతే అర్థం కావట్లేదు డోర్కస్. నీ మంచం ఎక్కడుంది?"

"మంచమా దొరా? లోపలి గదిలో. ఎప్పుడూ అక్కడే."

"అదే మరి. అది టాడ్‌బ్రూక్."

"నేను ఈ చర్చిలోనే పెళ్ళి చేసుకున్నాను కదా. మా ఆయన్ని ఇక్కడే పాతారు."

"చచ్చినవాళ్ళకి రొట్టె పెట్టక్కర్లేదు, అందుకని వాళ్ళని ఎవరైనా ఉంచుకుంటారు" అన్నాడు విజార్డ్. ఎగతాళికి కాదు. అది అతనికి అనుభవం నేర్పిన మాట.

డోర్కస్ మూడు మైళ్ళు నడిచి టాడ్‌బ్రూక్ వెళ్ళింది. అక్కడి ఓవర్సీరు రాబర్ట్ అకర్‌మన్ గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు.

"నీ తలుపు ఎటు తెరుచుకుంటుంది?"

"ఆల్డర్‌కోట్ దారి వైపు అయ్యా."

"పొయ్యి?"

"ఆల్డర్‌కోట్‌లోనే."

"తినేదక్కడ, ప్రార్థనకెళ్ళేదక్కడ, కడుపు మాడినప్పుడు మాత్రం మేం గుర్తొచ్చామా? వెళ్ళి విజార్డ్‌కి చెప్పు, టాడ్‌బ్రూక్ వాళ్ళు వెర్రివాళ్ళు కాదని."

తరవాతి వారం ఇద్దరు ఓవర్సీర్లూ కొలత గొలుసు, పాత పటం పట్టుకుని ఇంటికి వచ్చారు. ఇంతకుముందు పొలిమేర తిరిగేవాళ్ళు వచ్చినట్టే ఉందనిపించి, డోర్కస్ అలవాటుగా బీరు కూజా కోసం చూసింది. కూజా ఖాళీగా బోర్లించి ఉంది. వాళ్ళు గొలుసును నేలమీద పరిచారు. జాబెజ్ పొయ్యి దగ్గర తన బల్లమీద కూర్చుని, ఇనుము రాయిమీద ఈడ్చుకుంటున్న చప్పుడు వింటున్నాడు.

"కాళ్ళు తియ్యి జాబెజ్."

"ఎక్కడికి తియ్యమంటారు దొరా? ఇటా, అటా? తప్పు కౌంటీలో పెడితే కోప్పడతారేమో."

ఎవరూ నవ్వలేదు. గీత సరిగ్గా గోడమీదుగానే పోతోందని ఇద్దరూ ఒప్పుకున్నారు. కానీ ఆ ఒప్పుకోలుతో తేలింది ఏమీ లేదు. వితంతువుకు సొంత పారిష్ ఉండదు, భర్త పారిష్షే ఆమెది. ఏమోస్ ఎక్కడివాడో తేలాలి. పెళ్ళికాని మనిషి ఒక రైతు దగ్గర ఏడాది జీతానికి కుదిరి, ఆ ఏడాది పూర్తిగా పనిచేస్తే, చివరి నలభై రాత్రులు ఏ పారిష్‌లో పడుకున్నాడో ఆ పారిష్ వాడైపోతాడు. చట్టం అది. ఏమోస్, జాబెజ్ ఇద్దరూ పెళ్ళిళ్ళ మాట లేని వయసులో ఒకే ఏడు ఒకే రైతు దగ్గర కుదిరారు. ఆ రైతు ఇద్దర్నీ ఈ ఇంట్లోనే ఉంచాడు. ఇక మిగిలింది ముప్ఫై రెండేళ్ళ కిందటి నలభై రాత్రులు.

విచారణకు వూస్టర్‌షైర్ న్యాయాధికారులు ఇద్దరు కూర్చున్న ఊరికి డోర్కస్‌నీ జాబెజ్‌నీ బండిమీద తీసుకెళ్ళారు. పన్నెండు మైళ్ళ దారి. మధ్యలో గ్లాస్టర్‌షైర్ నేలంతా దాటి మళ్ళీ వూస్టర్‌షైర్‌లో దిగాలి. సత్రం మేడగదిలో న్యాయాధికారులు బల్ల వెనక కూర్చున్నారు. పక్కన గుమాస్తా ఉన్నాడు. ఇద్దరిలో పెద్దాయన ముఖం దయగా ఉంది. డోర్కస్‌కు కాస్త ధైర్యం వచ్చింది. బైబిలు మీద చెయ్యి పెట్టించారు. వంకర వేళ్ళు పుస్తకం మీద చదునుగా ఆనలేదు.

"నీ భర్త జీతానికి ఉన్న ఆ ఏడు నువ్వు ఎక్కడున్నావమ్మా?" అడిగాడు పెద్దాయన.

"ఆ రైతు ఇంట్లోనే అయ్యా, పాల పనికి. పొద్దున్నే ఆ అన్నదమ్ములకి రొట్టె తీసుకెళ్ళి లేపేది నేనే."

"అయితే వాళ్ళు ఎక్కడ పడుకునేవాళ్ళో నీకు తెలుసు."

"తెలియకేం అయ్యా. ఏమోస్ లోపలి గదిలో, జాబెజ్ పొయ్యి పక్కన."

"ఇద్దరికీ లోపల చోటు లేదా?"

డోర్కస్‌కు ఆ రోజులు కళ్ళముందు కదిలాయి. ముఖంలోకి నవ్వు వచ్చేసింది. "చోటుంది అయ్యా. కానీ ఏమోస్ గురక. కుదిరిన మొదటి వారమే జాబెజ్ దుప్పటి చంకన పెట్టుకుని బయటికొచ్చేశాడు. 'ఎద్దు పక్కన పడుకుంటాగానీ అన్న పక్కన పడుకోను' అన్నాడు. మళ్ళీ లోపలికి పోతే ఒట్టు."

న్యాయాధికారులు ఇద్దరూ నవ్వారు. గుమాస్తా కూడా నవ్వుతూనే రాసుకున్నాడు. కలం ఆగాక పెద్దాయన అడిగాడు. "ఏడాది చివరి దాకా అంతేనా? ఒక్క రాత్రి కూడా మారలేదా?"

"లేదయ్యా. ఒట్టు వేసి చెబుతున్నాను."

వెనక బల్లమీద కూర్చున్న జాబెజ్‌కు అప్పుడు అర్థమైంది. లేచి నిలబడ్డాడు. "అయ్యా, నేను ఒక్కోసారి లోపల కూడా పడుకునేవాణ్ణి. చలి రాత్రుల్లో. చాలా రాత్రులు."

"ఏడాది సెప్టెంబరు ఆఖరుకు కదా ముగిసేది. వేసవి చివరలో చలేమిటి?" అన్నాడు రెండో ఆయన.

జాబెజ్ బల్ల కోసం తడుముకుని కూర్చున్నాడు. డోర్కస్ వెనక్కి తిరిగి అతని ముఖం చూసింది. తను చెప్పిన మాటలో ఏం జరిగిందో అప్పటికీ ఆమెకు పూర్తిగా అందలేదు. గుమాస్తా కాగితం ముందుకు తోసి వేలితో చోటు చూపించాడు. ఆమె వంకర గుర్తు ఒకటి గీసింది.

బండిలో తిరిగొస్తుంటే విజార్డ్ చెప్పాడు. ఏమోస్ టాడ్‌బ్రూక్ వాడు, అందుకని డోర్కస్ టాడ్‌బ్రూక్ మనిషి. జాబెజ్ ఆల్డర్‌కోట్ వాడు. ఎవరి పారిష్ పేదల ఇంటికి వాళ్ళని పంపిస్తారు.

"ఇద్దర్నీ ఒకచోట ఉంచండి దొరా. ఏ చోటైనా సరే" అంది డోర్కస్. "ఒక రొట్టె ఇద్దరం పంచుకుంటాం."

"నా చేతుల్లో ఉంటే ఉంచేవాణ్ణే. టాడ్‌బ్రూక్ మనిషికి మా ఊరి పన్ను నుంచి రొట్టె పెట్టానంటే, మా ఊళ్ళోవాళ్ళు నన్ను నిలబెట్టి అడుగుతారు."

"నేను అబద్ధం చెప్పి ఉంటే?"

విజార్డ్ గుర్రం చెవుల మధ్యగా చూస్తూ పగ్గం ఒకసారి విదిలించాడు.

ఆజ్ఞ వచ్చిన తరవాత, టాడ్‌బ్రూక్ వాళ్ళు పై కోర్టుకెళ్ళడం వల్ల కొన్ని వారాలు గడువు దొరికింది. ఆ వారాల్లో ఒక మధ్యాహ్నం జాబెజ్ పిండి పిసకడం ఆపి, చేతులు తొట్టిలోనే ఉంచి అన్నాడు.

"వదినా, పాదిరిగారి పనిమనిషి ఒక మాట చెప్పింది. ఆడదానికి మొగుడి పారిష్షే పారిష్ అట కదా. నేను... మంచం అక్కడే ఉంటుంది, నా బల్ల ఇక్కడే ఉంటుంది. ఏమీ మారదు. కాగితం మీద మాత్రమే."

అతని ముఖం తొట్టివైపే వంగి ఉంది, చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాట కూడదీసుకోవడానికి అతనికి ఎన్ని రోజులు పట్టిందో ఆమెకు తెలుసు.

"చర్చి గోడమీద పట్టిక ఉంది జాబెజ్. ఎవరెవరు ఎవరెవర్ని చేసుకోకూడదో. చిన్నప్పుడు ప్రార్థన పొడుగైనప్పుడల్లా అదే చదివేదాన్ని. మొగుడి తమ్ముడు అందులో ఉన్నాడు."

"ఉన్నాడా."

"ఉన్నాడు."

"అన్నీ ముందే ఆలోచించి పెట్టారన్నమాట" అన్నాడతను. మళ్ళీ పిండి పిసకడం మొదలుపెట్టాడు. ఈసారి ఎడమవైపు అంటుకుపోతున్నా ఆమె చెప్పలేదు.

పై కోర్టు కూడా ఆజ్ఞను ఖాయం చేసింది. టాడ్‌బ్రూక్ బండి ముందు వచ్చింది. డోర్కస్ మంచం, ఒక పెట్టె ఎక్కించారు. తొడుగులు కుట్టే గాడిదను ఎక్కించబోతే, "అది ఉంచండి, ఇక నాకెందుకు" అంది. జాబెజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చక్రాలు కదిలాక బండి ఎటు పోతోందో అతనికి తెలియాలని ఆమె దగ్గడం మొదలుపెట్టింది. మలుపు తిరిగేదాకా దగ్గుతూనే ఉంది. బండివాడు వెనక్కి చూసి, "జబ్బా ఏమిటి? జబ్బుంటే ముందే చెప్పాల్సింది" అన్నాడు విసుగ్గా.

రెండు పేదల ఇళ్ళ మధ్య రానూపోనూ ఎనిమిది మైళ్ళు. మొదటి ఏడు ఆమె నాలుగుసార్లు నడిచి వెళ్ళింది. తాను లేకుండా అతను ఎలా ఉన్నాడో వెళ్ళిన ప్రతిసారీ కనపడేది. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉండేవాడు, గడ్డంలో గంజి ఎండిపోయి ఉండేది. అతనికి ఆమె వేళ్ళు ఇంకా బిగుసుకుపోయినట్టు పట్టుకుంటేనే తెలిసేది. "ఎవరైనా నీకు రొట్టె కోసి పెడుతున్నారా?" అని అడిగేవాడు. "పెడుతున్నారు" అనేది. పళ్ళతోనే కొరుక్కుంటున్నానని చెప్పలేదు. రెండో ఏడు ఒక్కసారే వెళ్ళగలిగింది. మూడో ఏడు మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఖాళీగా ఉన్న ఇంట్లో రైతు దూడల్ని కట్టేస్తున్నాడని ఎవరో చెప్పారు.

అంతలో పేదల చట్టం మారింది. పారిష్షులన్నిటినీ గుంపులుగా కలిపి, కౌంటీ గీతలతో పని లేకుండా, గుంపుకో పెద్ద పేదల ఇల్లు కడుతున్నారని కబురొచ్చింది. ఆల్డర్‌కోట్, టాడ్‌బ్రూక్ రెండూ ఒకే గుంపులో పడ్డాయి. ఆ మాట విన్న రోజు డోర్కస్ తనకు ఆ వారం వచ్చిన చీజ్ ముక్క పక్క మంచం ముసలమ్మకు ఇచ్చేసింది.

"ఏంటమ్మా ఈ ధర్మం?"

"మా మరిది కనపడబోతున్నాడు. ఇద్దరం ఒక కప్పు కింద ఉంటాం."

పద్దెనిమిది వందల ముప్ఫై ఆరులో పది మందితో కలిసి ఆమె కొత్త ఇంటి గేటు దగ్గర దిగింది. ఇటుకల కట్టడం, నడుమ ఎత్తు గోడ. బట్టలు తీసేసి ఒకే రంగు గౌన్లు ఇచ్చారు. ఆ ఇల్లు నడిపే మేట్రన్ పేర్లు రాసుకుంటుంటే డోర్కస్ అడిగింది.

"ఆల్డర్‌కోట్ నుంచి జాబెజ్ టాండీ వచ్చాడా అమ్మా?"

"వచ్చాడు. గుడ్డివాడు. నీ మొగుడా?"

"మరిది."

"మొగుడైతేనే ఏమీ చెయ్యలేను. మగవాళ్ళు అటు, ఆడవాళ్ళు ఇటు. మరిది కోసం నన్నేం చెయ్యమంటావ్?"

"అతనికి గుండీలు పెట్టుకోవడం రాదమ్మా. నేను చెబుతాను, అతనే పెట్టుకుంటాడు. పొద్దున ఒక్క నిమిషం."

"ఇక్కడ అందరికీ ఏదో ఒకటి రాదు" అంది మేట్రన్. తరవాతి పేరు పిలిచింది.

ఆదివారాలు మాత్రం భోజనాల హాల్లో అందరికీ కలిపి ప్రార్థన. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు, నడుమ మేట్రన్, ఆమె భర్త కూర్చునేవాళ్ళు. మాట్లాడకూడదు. మొదటి ఆదివారం డోర్కస్ అతన్ని మూడో బల్లమీద చూసింది. ముఖం గోడవైపు పెట్టి కూర్చున్నాడు. ఆమె దగ్గింది. జాబెజ్ తల చటుక్కున తిరిగింది. ఆమె మళ్ళీ దగ్గింది. అతను తల కొంచెం ఎడమకు జరిపి, సరిగ్గా ఆమె కూర్చున్న వైపు ముఖం పెట్టి, ప్రార్థన ముగిసేదాకా అలాగే ఉన్నాడు. పక్కవాడు అతన్ని ముందుకు తిప్పబోతే చెయ్యి తోసేశాడు.

అలా రెండేళ్ళు, ఆదివారం ఆదివారం. ముప్ఫై ఎనిమిది చలికాలంలో ఒక ఆదివారం ఆమె దగ్గితే ఎవరూ తిరగలేదు. మూడో బల్లమీద అతని చోట్లో ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. ప్రార్థన అయ్యాక ఆమె మేట్రన్‌ను అడిగితే తెలిసింది, జాబెజ్ మంగళవారం పోయాడు. ఆల్డర్‌కోట్ వాళ్ళు గురువారం వచ్చి తీసుకెళ్ళి, అన్న పక్కన పాతిపెట్టారు. వదినకు కబురు చెప్పాలన్న నియమం లేదు, చెప్పకూడదన్న నియమమూ లేదు. ఎవరికీ తట్టలేదంతే.

డోర్కస్ వంకర వేళ్ళతో చేయగలిగింది ఉన్ని చిక్కు తీయడమే. ఆ పని ఇచ్చారు. పద్దెనిమిది వందల నలభై నాలుగులో, పేదల ఇంటి గుమాస్తా పాత పుస్తకాల్లో పేర్లు దిద్దుతూ ఆడవాళ్ళ గదికి వచ్చాడు. చట్టసభ కొత్త చట్టం చేసిందని, ఇంకో కౌంటీ నడుమ చిక్కుకున్న తునకల్ని చుట్టూ ఉన్న కౌంటీలోనే కలిపేస్తున్నారని చెప్పాడు. ఆల్డర్‌కోట్ అందులో ఉంది. అక్టోబరు నుంచి అదీ గ్లాస్టర్‌షైరే.

డోర్కస్ ఉన్ని పక్కన పెట్టింది. "ఎలా కలిపారు అయ్యా? హద్దురాళ్ళు తీసేశారా?"

"రాళ్ళెందుకు తీస్తారు. పుస్తకంలో రాశారు."

"అంతేనా?"

"అంతే. ఒక్క పట్టిక, ఒక్క సంతకం."

ఆమె ఉన్ని మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "అయితే మా జాబెజ్ ఇప్పుడు ఎక్కడివాడు?"

గుమాస్తా మంచివాడు. కలం చెవి మీద పెట్టుకుని ఓపిగ్గా చెప్పాడు. కౌంటీ ఒకటే అయింది గానీ పారిష్షులు రెండూ రెండే. ఆల్డర్‌కోట్ ఆల్డర్‌కోటే, టాడ్‌బ్రూక్ టాడ్‌బ్రూకే. పోయినవాళ్ళ సంగతి చట్టంలో ఏమీ లేదు. ఆమె తల ఊపింది. అర్థమైందా అని అతను అడిగితే, "అర్థమైంది అయ్యా, నేను చెప్పింది మాత్రం నిజమే" అంది. అదేమిటో అతనికి అర్థం కాలేదు.

మరో మూడేళ్ళకు, మార్చి నెలలో, నిద్రలోనే ఆమె పోయింది. ఏమోస్ పక్కన పెట్టమని రెండుమూడు సార్లు అడిగిందని పక్క మంచం మనిషి చెప్పింది. గుమాస్తా ఆ మాట కాగితం మీద రాసి పంపాడు కూడా. ఎవరి మనిషిని వాళ్ళే పాతుకోవాలని ఆల్డర్‌కోట్ నుంచి జవాబు వచ్చింది. టాడ్‌బ్రూక్ బండి ఉదయం తొమ్మిదికి వచ్చింది. అక్కడి పాదిరిగారు ఆమెను ఎన్నడూ చూడలేదు. పేరు సరిగ్గా పలకడానికి ఒకసారి కాగితం చూసుకున్నారు.